బుగులు పడ్డ దేవుడు, సంకల్పం చెప్పుకునే మనం

చిల్పూర్ గుట్ట వీడియోలో టైం సరిపోక వదిలేసిన ఒక విషయం ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

జనగామ జిల్లాలో, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర చిల్పూర్. గుట్ట మీద వెలసిన స్వామి పేరు బుగులు వెంకటేశ్వర స్వామి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన వాళ్లకి ఈ మాట కొత్తగా ఉండొచ్చు. భయమూ దిగులూ కలిసి గుండెల్లో కూర్చుంటే, దాన్ని మా వైపు బుగులు అంటారు. "బుగులు పడకు బిడ్డా" అని ముసలమ్మలు అంటుంటారు. మరి దేవుడికి బుగులేంటి? పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక, ఆ బుగులుతోనే స్వామి ఇక్కడికొచ్చి తపస్సు చేశాడని స్థానికులు చెప్పుకునే కథ. అందుకే అప్పులున్నవాళ్లు, ఏదో భయం పట్టుకున్నవాళ్లు ఈ గుట్ట ఎక్కుతారు.

ఈ కథలో నాకు నచ్చేది ఒకటుంది. పద్మావతిని చూసిన క్షణంలోనే స్వామికి కల పుట్టింది. కానీ పెళ్లికి డబ్బు కావాలి. "నేను దేవుణ్ణి, అన్నీ వాటంతటవే జరుగుతాయి" అని ఆయన కూర్చోలేదు. అప్పు చేశాడు, పత్రం రాశాడు. ఎవరి దగ్గర, ఎందుకు, ఎప్పటిదాకా అన్నీ అందులో ఉన్నాయంటారు. బ్రహ్మ, శివుడు సాక్షులు, రావిచెట్టు మూడో సాక్షి. అంత పకడ్బందీగా రాసుకున్నా బుగులు తప్పలేదు. మన ఈఎంఐ బాధలు ఆయనకి కొత్త కాదన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. మంచి కల ఒకటి దైవప్రేరణతో వచ్చిందని నమ్మినప్పుడు, దానికి లెక్కలు వేయడం నమ్మకం తక్కువై చేసే పనా?

రాత్రి ఒక ప్రవచనం వింటాం, ఒళ్లు జలదరిస్తుంది. ఉద్యోగం మానేసి వేదం నేర్చుకోవాలనిపిస్తుంది, లేదా ఊళ్లో పాడుబడ్డ గుడి బాగుచేయాలనిపిస్తుంది. రెండు రోజులకి బుగులు మొదలు. అప్పుడు మనకి రెండు రకాల సలహాలు దొరుకుతాయి. "నమ్మి దూకు, ఆయనే చూసుకుంటాడు" అనేది ఒకటి. "ఆవేశం తగ్గనీ, తర్వాత చూద్దాం" అనేది ఇంకొకటి. పైకి వేరువేరుగా కనిపిస్తాయి గానీ, రెండూ ఒకే ప్రశ్నని తప్పించుకుంటాయి: ఈ కల ఖర్చు ఎవరు మోస్తున్నారు?

జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఇదే జిల్లాలో, పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది, పోతన గారి ఊరు. పదిహేనో శతాబ్దం. భాగవతం మొదట్లో ఆయనే చెప్పుకున్నారు: చంద్రగ్రహణం వేళ నదిలో స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుని శివుణ్ణి ధ్యానిస్తుంటే రాముడు కనిపించి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడని. ఇంతకంటే పెద్ద ప్రేరణ ఏముంటుంది? మనమైతే అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టేవాళ్లం!

ఆయన ముందు ఓరుగల్లుకి తిరిగొచ్చారు. గురువుల, పెద్దల, పండితుల, బంధువుల అనుమతి తీసుకున్నారు. బంధువుల అనుమతి! సాక్షాత్తు రాముడు చెప్పాక కూడా. నన్నయ, తిక్కన లాంటివాళ్లు ఏం రాశారో, భాగవతాన్ని ఎలా వదిలేశారో చూసుకున్నారు. కొందరికి తెలుగు ఇష్టం, కొందరికి సంస్కృతం ఇష్టం, ఇద్దరినీ మెప్పించేలా రాస్తానని అనుకున్నారు. ఆపైన తన హద్దు కూడా చెప్పేశారు: ఇది శివుడికీ బ్రహ్మకీ కూడా పూర్తిగా అంతుపట్టనిది, పండితుల దగ్గర విన్నంత, చూసినంత, అర్థమైనంత చెప్తాను అని. మా ఆఫీసులో ప్రాజెక్టు మొదలయ్యే ముందు స్కోప్ రాయమంటే అందరం మొహాలు చూసుకుంటాం. పోతన గారు పద్యంలో రాసేశారు. పలికించేవాడు రాముడే అని గట్టిగా నమ్మిన మనిషి కూడా ఈ పనులన్నీ చేశాడు.

ఇంట్లో పూజకి చెప్పే సంకల్పం కూడా ఇలాంటిదే. చాలామంది దాన్ని పంతులుగారు గబగబా చదివే భాగం అనుకుంటారు. గమనించండి. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం, సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం, గోత్రం, పేరు, ఎందుకోసం చేస్తున్నాం, ఇవన్నీ చెప్పాక చివర్లో "కరిష్యే", అంటే చేస్తాను. సంస్కృతంలో ఇదొక చిన్న తేడా: తన కోసం తాను చేసుకునేవాడు కరిష్యే అంటాడు, ఇంకొకరి తరఫున చేసేవాడు కరిష్యామి అంటాడు. పని ఎవరిది, ఫలం ఎవరిది అన్నది క్రియాపదంలోనే తేలిపోతుంది. "ఎప్పుడో, ఎక్కడో, ఏదో మంచి చేస్తాను" అంటే అది సంకల్పం కాదు.

నా సంగతి కొంచెం చెప్తాను. జనగామలో పిల్లలకి సాయంత్రాలు చదువుకోడానికి ఒక గది, పుస్తకాలు, ఒక పెద్దమనిషి ఉండాలని నా కల. ఉద్యోగానికి ఒక ఏడాది విరామం ఇచ్చి చేద్దామనుకున్నా. నాన్నకి చెప్తే ఒకటే అడిగాడు: "మంచి పనేరా. మరి చెల్లె పెండ్లి పైసలు?"

పిరికితనంతో అన్న మాట కాదది. నా సేవ కోసం చెల్లెలు రెండేళ్లు ఆగాలంటే, ఆ దానం నేను చేస్తున్నట్టా, ఆమె చేస్తున్నట్టా? ఆమెని అడగకుండా ఆమె పేరు మీద కరిష్యే అనే హక్కు నాకుందా? నన్నడిగితే లేదు. ప్లాన్ అంటే వసూళ్ల పట్టిక ఒక్కటే కాదు, మన కల బరువు ఎవరెవరి భుజాల మీద పడుతుందో వాళ్ల పేర్లు రాసి, ఒక్కొక్కరినీ అడగడం కూడా.

అందుకని కల చిన్నదైంది. ఆదివారం ఒక్కరోజే, సికింద్రాబాద్ నుంచి పొద్దున రైలు. మా ఇంటి ముందు గది. నా జీతంలోంచి నెలకి మూడు వేలు, అంతకు మించి లేదు. వచ్చే ఉగాదికి పది మంది పిల్లలు కూడా రాకపోతే ఆపేసి ఇంకో దారి వెతకాలి. ఒక నోట్‌బుక్‌లో రాసి నాన్నతో, చెల్లెతో సంతకం పెట్టించాను. చెల్లె నవ్వి, "రావిచెట్టు ఏదన్నా?" అంది.

ఇంత లెక్క వేస్తే ఆ మొదటి జలదరింపు పోదా అని మీరు అనొచ్చు. కొంత పోతుంది, నిజమే. నాకూ ఆ రాత్రి ఉన్నంత ఊపు ఇప్పుడు లేదు. కానీ పోతన గారి భాగవతం చూడండి. పన్నెండు స్కంధాల్లో ఐదోది గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు నారయ రాసినవి. కారణాల మీద రకరకాల కథలున్నాయి. ఏ కథ నిజమైనా, గ్రహణం రాత్రి ఇసుకతిన్నె మీద వాళ్లెవరూ లేరు. రాముడు కనిపించింది పోతన గారికే. మిగతావాళ్లకి దొరికింది సగంలో ఉన్న పని, దానికి అప్పటికే గీసి ఉన్న కొలతలు. దాంతోనే పూర్తిచేశారు, మనం ఈరోజు మొత్తంగా చదువుకుంటున్నాం.

మొదటి ఆదివారం నలుగురు పిల్లలొచ్చారు. ఒకడికి పుస్తకం కంటే మా ఫ్యాన్ ఎక్కువ నచ్చింది.