రాత కూడు పెట్టే దాకా

కొత్తగా రాయడం మొదలుపెట్టిన ప్రతి మనిషికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. "రాస్తే ఏమొస్తుంది?" ఇంట్లోవాళ్లు అడుగుతారు, స్నేహితులు అడుగుతారు, రాత్రి దీపం ఆర్పాక మన మనసే అడుగుతుంది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు ఉన్నవాళ్లు అడగక ఎవరు అడుగుతారు? నా దిగులల్లా మరీ తొందరగా అడుగుతున్నామని. నాలుగు రచనలు పూర్తికాక ముందే లెక్క మొదలవుతోంది. నెలకెంత, ఏడాదికెంత, ఉద్యోగం ఎప్పుడు మానేయొచ్చు. ఆ లెక్కల కింద రాత నలిగిపోతోంది.

డబ్బు ప్రస్తావన వస్తే మనవాళ్లు వెంటనే పోతన పేరెత్తుతారు. రాజుకు కృతి ఇవ్వనన్నాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆయన సేద్యం చేసుకుని బతికాడని కూడా ఆ కథలోనే ఉంది. దాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. రాజును కాదనగలిగిన మాట వెనక దున్నుకోను చేనుంది, ఇంట్లో గింజలున్నాయి. శ్రీనాథుడిది ఇంకో దారి. విజయనగరంలో కనకాభిషేకం జరిగింది. ఆదరించిన ప్రభువులు పోయాక, ముసలితనంలో కృష్ణ ఒడ్డున పొలం కౌలుకు చేసి శిస్తు కట్టలేక అవస్థపడ్డాడని చాటువులు చెబుతాయి. ఇద్దరి కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమయ్యేది ఒక్కటే. రాసే మనిషికి రాతతో సంబంధం లేని తిండి కొంత ఉండాలి.

ఆ తిండిని ఎలా సమకూర్చుకోవాలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి జీవితంలో చూడొచ్చు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికి రాసుకునే పసుపుపచ్చ మందు. కొత్త మందును జనం వెంటనే నమ్మరు కాబట్టి సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టారని చెప్పుకుంటారు. మందు నిలదొక్కుకుంది. ఆంధ్రపత్రిక పుట్టింది 1908లో, అదీ బొంబాయిలోనే, వారపత్రికగా. మధ్యలో గడిచినవి పదిహేనేళ్లు. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో సాహిత్యం కోసం భారతి వచ్చింది. ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలను జనం దాచుకుని చదివారు.

ఇదంతా నిలబడింది మందు సీసాల మీద. భారతి తన ఖర్చు తానే తెచ్చుకోవాలని మొదటి సంచికకే షరతు పెట్టి ఉంటే ఆ పరిశోధన వ్యాసాలు, ఆ కవిత్వం, ఆ కథలు అచ్చుమొహం చూసేవి కావు. పంతులు గారు అక్షరానికి అన్నం పెట్టారు, అక్షరాన్ని అన్నం అడగలేదు. వ్యాపారం చేసే మనిషి కాబట్టి లెక్కలు తెలియక అలా చేశారనుకోలేం. తెలిసే చేశారు. ఎక్కడ లాభం చూసుకోవాలో, ఎక్కడ చూసుకోకూడదో ఆయన ముందే నిర్ణయించుకున్నారని నా నమ్మకం.

అందరికీ అమృతాంజనం ఉండదు. నెల జీతం ఉండొచ్చు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా చందమామ సంపాదకత్వం చూశారు. పిల్లల పత్రికకు రోజువారీ పని చేస్తూనే తన కథలు, నవలలు, వ్యాసాలు వేల పేజీలు రాశారు. అక్కడే దాసరి సుబ్రహ్మణ్యం గారు తోకచుక్క, మకరదేవత వంటి సీరియళ్లు రాశారు. పిల్లలు నెలనెలా వాటి కోసం ఎదురుచూశారు. సీరియల్ మీద రచయిత పేరు మాత్రం ఉండేది కాదు. అది న్యాయమని నేను అనను, పేరు వేయాల్సింది. అయినా ఒకటో తారీఖు జీతం ఇచ్చిన నెమ్మది ఆ వాక్యాల్లో కనిపిస్తుంది. తొందరలేని వాక్యాలవి. ఇప్పటికీ పెద్దవాళ్లు కూడా కూర్చుని చదువుతారు.

శ్రీశ్రీ సంగతి ఇంకొంచెం కష్టం. మహాప్రస్థానం గీతాల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. ఒక తరాన్ని కదిలించిన కవిత్వం ఆయన ఇంటి పొయ్యి వెలిగించలేదు. పొయ్యి వెలిగించింది సినిమా. కూలికి రాసిన పాట చిన్నదని ఆయన అనుకోలేదు. అల్లూరి సీతారామరాజు చిత్రానికి రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. బతకడానికి చేసే పనిని చిన్నచూపు చూడనివాళ్లే మనసుకు నచ్చిన పనిని కూడా నిలబెట్టుకుంటారు. పగలంతా ఆఫీసును తిట్టుకుంటూ గడిపి, రాత్రికి కవిత్వం రాద్దామంటే ఒంట్లో ఏం మిగులుతుంది?

ఇవాళ కొత్తగా రాసేవాళ్లకు సంపాదకుడి గుమ్మం ఎక్కే పని లేదు. ఫోన్ తెర మీదే రాసి, తెర మీదే చదివించొచ్చు. పక్కన ప్రకటనలు పెట్టుకుంటే డబ్బులు కూడా వస్తాయి. గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగును తన భాషల్లో చేర్చుకుంది. దాని పద్ధతి ఇలా ఉంటుంది. పది డాలర్లు పోగయ్యాక చిరునామా సరిచూసుకోడానికి ఒక పిన్ నంబరు వేసి మామూలు పోస్టులో కాగితం పంపుతారు. వంద డాలర్లు నిండితేనే సొమ్ము బ్యాంకులో పడుతుంది. అప్పటిదాకా సెంట్ల లెక్కన పేరుకునే ఒక అంకె తెర మీద కనిపిస్తూ ఉంటుంది. తెలుగులో రాసే కొత్తవాళ్లకు ఆ వంద నిండటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లూ పడుతుంది.

చిక్కంతా ఆ అంకెతోనే. నాకు తెలిసిన ఒక కుర్రవాడు వాళ్ల ప్రాంతం చెరువుల గురించి రాసేవాడు. ఏ ఏడాది అలుగు పారిందో, ఏ తూము కింద ఎవరి మడి ముందు తడిసేదో, నీరటికాడు వంతులు ఎలా వేసేవాడో ముసలివాళ్లను అడిగి రాసేవాడు. కట్ట మీద వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చేత్తో చూపించిన దిక్కును కూడా కాగితం మీద బాణం గీసి పెట్టుకునేవాడు. చదివేవాళ్లు కొద్దిమందే. మధ్యలో ఒకసారి ఉద్యోగ ప్రకటన ఒకటి పెడితే అంకె ఒక్కసారిగా లేచింది. మర్నాడు పరీక్ష ఫలితాలు, ఆ వారం రాశిఫలాలు, ఆ తర్వాత హీరోల పెళ్లి కబుర్లు. అవన్నీ వేరేవాళ్లు అతనికన్నా ముందే, అతనికన్నా ఎక్కువగా పెడతారు. కొన్నాళ్లకు ఆ ఆదాయమూ తగ్గింది, చెరువుల రాతా ఆగింది. ఆ ముసలివాళ్లలో ఇప్పుడు కొందరు లేరు. వాళ్లు చెప్పాల్సిన మాట ఇక ఎవరూ చెప్పలేరు. అంకె కోసం పోగొట్టుకున్నది ఏమిటో తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

పాడి తెలిసిన ఇంట్లో చెంబు పట్టుకుని నేరుగా ఆవు దగ్గర కూర్చోరు. దూడను విడిచి, కాసేపు తాగనిచ్చి, చేపుకొచ్చాకే పిండుతారు. కొత్త రాతకూ ముందు దాని దూడ తాగాలి. వచ్చే తొలి డబ్బు ఎంత కొద్దిదైనా రాతకే ఖర్చు పెట్టమని నేను కొత్తవాళ్లకు చెబుతుంటాను. ఒక నిఘంటువు కొనుక్కోవచ్చు. రాయబోయే ఊరికి బస్సు చార్జీ పెట్టుకోవచ్చు. పాత పత్రిక సంపుటాలు చూడటానికి వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో రెండు రోజులు కూర్చుని రావచ్చు. దానికి వేరే చిన్న లెక్కల పుస్తకం పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇంటి లెక్కలో కలిస్తే ఆ సొమ్ము ఉప్పులా కరిగిపోతుంది, పైగా ఇంతేనా అన్న మాట పడుతుంది. విడిగా ఉంటే ఆ కొద్ది మొత్తమే రాతను ఇంకో అడుగు ముందుకు నడిపిస్తుంది.

అంతమాత్రాన ఊరికే రాసిపెట్టమని కాదు. నా తొలి కథకు వచ్చిన మనియార్డరు కూపను చాలాకాలం దాచుకున్నాను. దాని మీద పత్రిక గుమస్తా చేతిరాతలో నా కథ పేరు ఉంది. ఆ డబ్బు ఇంటి ఖర్చులో ఏ మూలకూ రాదు. అయినా ముక్కూమొహం తెలియని మనిషి తన చిట్టాలో నా కథ పేరు రాసి, దానికెదురుగా ఒక మొత్తం వేశాడు. నేను చేసింది పని అని మొదటిసారి ఇంకొకరు ఒప్పుకున్నట్టు అనిపించింది. ఆ ఒప్పుకోలు రాసే ప్రతి మనిషికీ దక్కాలి.

దక్కడం లేదు. తెలుగులో పుస్తకం వేసుకోవడమంటే ఇప్పటికీ ఎక్కువమందికి చేతిచమురు వదిలే వ్యవహారమే. సభలో శాలువా కప్పుతారు, టీ తాగుతూ "మాకో కాపీ ఇవ్వండి" అంటారు. టీ కొట్టతనికి డబ్బులిచ్చే చేయి పుస్తకం దగ్గర ఎందుకు ఆగుతుందో నాకు అర్థం కాదు. అచ్చుకూలి, కాగితం ఖరీదు, దుకాణం కమీషను అన్నీ పోగా రాసినవాళ్లకు మిగిలేది అంతంత మాత్రం. ఉచితంగా ఇవ్వమని అడిగినప్పుడు ఆ మిగిలేది కూడా మనమే తీసుకుంటున్నాం. కొత్తవాళ్లు కూడా మొహమాటపడకూడదు. వెల చెప్పాలి, చెప్పిన వెల తీసుకోవాలి.

ఇక ఇంట్లోవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా తెల్లవారుజామున లేచి రాసుకుంటున్నారా? కొడుకో, కోడలో, రిటైరైన నాన్నో, పిల్లల్ని నిద్రపుచ్చి టేబుల్ లైటు వేసుకునే భార్యో కావచ్చు. ఆ గంట వాళ్లకు వదిలేయండి. పాలు పొయ్యి మీద నుంచి మీరు దించండి, తలుపు కొడితే మీరు తీయండి. ఎంతొస్తుందని రెండు మూడేళ్ల దాకా అడగకండి. ఏం రాశావని అడగండి, చదివి వినిపించమనండి.