పది సెకన్ల గడువు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మనవాళ్ళ సామెత. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను ఉండనిచ్చి, దాని పక్కనే లినక్స్ కూడా వేయించుకుంటానన్నప్పుడు మా ఆవిడ ఆ సామెతే అంది. నేను బీకాం చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో కాగితాలు తిప్పుతున్నవాణ్ణి. కంప్యూటరు నాకు పని జరిగే పెట్టె, అంతే. అయినా సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుసుకోమని ఊరందరికీ చెప్పేవాణ్ణి గదా, రోజూ వేళ్ళు ఆడించే పెట్టెలో ఏముందో ఒక్కసారి చూడాలనిపించింది.

1991లో ఫిన్లండ్‌లో, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టింది లినక్స్. మరుసటి ఏడాది దాన్ని ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. నేను వేయించుకున్నది దాని మీద కట్టిన ఉబుంటు.

దసరా సెలవులకు మా మేనల్లుడు బళ్ళారి వచ్చాడు. "ముందు నీ ఫోటోలు, లెక్కలు ఇంకో డిస్కులోకి ఎక్కించు మామా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆ తర్వాత విండోస్ చేతనే దాని చోటును కొంత తగ్గించాడు. 25 జీబీ చాలట. నేను 50 ఇప్పించాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. మనం ఆపేశామనుకుంటాం, అది సగం నిద్రలోనే ఉంటుంది, పుస్తకాలు మూయకుండా ఇంటికి పోయిన గుమాస్తా మాదిరి. దాన్ని మాన్పించాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకుని, తాళం తీసి మరీ పనిలోకి దిగాలి. ఇవన్నీ అయ్యాక పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను లేపి, డిస్కును ముట్టుకోకుండా ఒక పూట వాడి చూశాం.

అసలు ఘట్టం వచ్చింది. తెర మీద రెండు దారులు: విండోస్ పక్కన వేయడం, డిస్కు మొత్తం తుడిచి వేయడం. ఒకదాని కింద ఒకటి, ఒకే సైజు అక్షరాల్లో. చదవకుండా సంతకం పెట్టి తర్వాత తల పట్టుకున్నవాళ్ళను నా సర్వీసులో ఎంతమందిని చూశానో! ఆ తెర ముందు నా వేలు వణికింది. మూడుసార్లు చదివాకే నొక్కాను.

ఇప్పుడు మీట నొక్కితే గ్రబ్ అనే చిన్న మెనూ వస్తుంది. పైన ఉబుంటు, కింద విండోస్. 10 సెకన్లు ఆగుతుంది. ఈలోగా మనం ఏమీ ఎంచుకోకపోతే పైనున్నది తనంతట తానే తెరుచుకుంటుంది. అంటే ఒకసారికి ఒక పడవే. మా ఆవిడ సామెత ఇక్కడ వర్తించదని నేను వాదించాను.

వాదన గెలిచాను గానీ, ఒకే కప్పు కింద ఇద్దరున్నప్పుడు సర్దుకునేది ఎవరన్నది మెల్లగా కనిపించసాగింది. లినక్స్ విండోస్ వాటాలోని కాగితాలు చదవగలదు. లినక్స్ వాటాను విండోస్ తనంతట తాను చదవదు. ఉబుంటు వాడి విండోస్‌కు వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనకబడి కనిపించేది. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా లెక్కిస్తుంది, లినక్స్ ప్రపంచ సమయంగా. రెంటిలో ఎవరినైనా మార్చవచ్చు. మేము మార్చింది లినక్స్‌నే. అదే సులువట. బయటి భాష నేర్చుకుని, వాళ్ళ గడియారానికి మన గడియారం కలుపుకుని బతికే మనలాంటివాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు.

వారం తిరక్కుండానే ఇంట్లో గొడవ మొదలైంది. మా ఆవిడ మీట నొక్కి పొయ్యి దగ్గరకు పోయి వచ్చేసరికి తెలియని తెర. "ఇది ఎవరి ఇల్లు?" అంది. మేనల్లుణ్ణి అడిగి నేనే ఆ వరస మార్పించాను. ఊరుకుంటే విండోస్ రావాలి, కావాలన్నవాళ్ళు లినక్స్ ఎంచుకోవాలి. న్యాయంగానే తోచింది.

మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం చూసుకుంటే ఉబుంటును నేను ఒక్కసారి కూడా తెరవలేదు. ఎవరూ వద్దనలేదు. చోటు ఉంది, దారి ఉంది, మెనూలో పేరూ ఉంది. "నీ ఇష్టం మామా, ఎప్పుడైనా తెరుచుకోవచ్చు" అన్నాడు వాడు ఫోనులో. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా శాఖలో రెండేళ్ళు ఖాతాదారు చేతి లావాదేవీ లేని ఖాతాను వాడకంలో లేని ఖాతాగా రాస్తాం. దాని యజమాని కూడా ఎప్పుడైనా తెరుచుకోవచ్చు! డబ్బు ఎక్కడికీ పోదు. మరచిపోయింది యజమానే. ఫారంలో గడి ఖాళీగా వదిలేస్తే నేనేమీ చెప్పలేదనుకుంటాడు మనిషి. బ్యాంకు మాత్రం ఆ ఖాళీకి ముందే రాసి పెట్టుకున్న అర్థాన్ని తీసుకుంటుంది. అలాంటప్పుడు జరిగినదానికి బాధ్యత ఎవరిది? నిషేధం లేనంత మాత్రాన దాన్ని నా ఎంపిక అనవచ్చునా? విండోస్‌ను తప్పుపట్టలేను. వరస మార్పించింది నేను. తర్వాతి మూడు నెలలు 10 సెకన్ల చొప్పున ఊరుకున్నదీ నేనే.

ఆ మధ్యే ఒక ముసలమ్మ పింఛను సంగతి అడగడానికి నా బల్ల దగ్గరకు వచ్చింది. తెలుగులో అడిగింది. నేను కన్నడంలో జవాబు చెప్పాను. రెండు మూడు మాటలయ్యాక నా ముఖంలోకి చూసి, "మీది తెలుగే గదా నాయనా?" అంది. "ఎలా కనుక్కున్నావమ్మా?" అన్నాను, అదీ కన్నడంలోనే. నాకు కన్నడం అన్నం పెట్టిన భాష, దానిమీద చిన్నచూపు నాకు లేదు. ఆ రోజు నేను ఏదీ ఎంచుకోలేదు, అదీ నా బాధ. నా లోపలి 10 సెకన్లు ఎప్పుడు గడిచిపోయాయో కూడా తెలియలేదు.

మళ్ళీ మేనల్లుడికే ఫోను చేశాను. ఈసారి వరస ముట్టుకోవద్దన్నాను. ఆ గడువు సంఖ్య చోట మైనస్ ఒకటి రాస్తే మెనూ ఎవరో ఒకరు ఎంచుకునేదాకా కదలదట. అప్పు పద్దు కాకుండా మైనస్‌కు ఇంకో ఉపయోగం నేను చూడడం అదే మొదలు. అలాగే రాయించాను.

ఇప్పుడు మా ఆవిడ మీట నొక్కి పొయ్యి దగ్గరకు పోయి వస్తుంది. తెర మీద రెండు పేర్లూ అలాగే నిలబడి ఉంటాయి. "ఏం కావాలో చెప్పి పోకూడదా?" అని కేకేస్తుంది వంటింట్లోంచి.