మొదట నిద్ర, తరువాత వాక్యము

ధ్యాన వాక్యభాగములు: 1 రాజులు 19:4-8, కీర్తన 127:2



కే.వి.కుప్పం, కాట్పాడి, గుడియాత్తం ప్రాంతములలో కాపురమున్న మన తెలుగు కుటుంబములను దర్శించునప్పుడు, ప్రార్థన మనవులు అడుగుట వాడుక. పిల్లల చదువు, ఉద్యోగము, షుగరు, బి.పి. అని చెప్పుదురు. ప్రార్థన ముగించి అందరును లేచిన తరువాత, గుమ్మము దగ్గర ఎవరో ఒకరు మెల్లగా, "అయ్యగారూ, రాత్రులు నిద్ర పట్టుట లేదు" అందురు. విశ్వాసికి నిద్ర పట్టకపోవుట ఏమిటని నలుగురు అనుకొందురేమో యని వారికి సిగ్గు.

కొంతకాలము క్రిందట ఒక సహోదరి ఇట్లే చెప్పెను. మేము వెంటనే, "అమ్మా, ఇంకను ఎక్కువగా ప్రార్థించు, నీ చింతను ప్రభువుకు అప్పగించు" అని చెప్పి వచ్చితిమి. ఆమె అట్లే చేసెను. అర్ధరాత్రి లేచి మోకరించి, అప్పటికిని నిద్ర రాక, తన విశ్వాసములోనే లోపమున్నదని ఏడ్చెను. ఎవరికిని చెప్పక మందుల షాపులో నిద్రమాత్రలు కొని మ్రింగుచున్నదని కొన్ని నెలలకు గాని మాకు తెలియలేదు. ఆమె భారము మేము దించలేదు, దానిమీద మరియొక భారము పెట్టితిమి. ఆ తప్పు మన సంఘములలో మరల జరుగకూడదని ఈ మాటలు వ్రాయుచున్నాము.

మొదటిది, ఏలీయాను చూడండి. కర్మెలు కొండమీద అగ్నిని దింపిన ప్రవక్త యెజెబెలు బెదిరింపునకు పరుగెత్తి, అరణ్యములో ఒక చెట్టు క్రింద కూలబడి, ఇక బ్రతుకు చాలునని దేవునితో చెప్పుకొనెను. అప్పుడు దేవుడు అతని అవిశ్వాసమును గద్దించెనా? లేదు. ప్రసంగము చేసెనా? అదియు లేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి మరల తినిపించెను. హోరేబులో దేవుని మెల్లని స్వరము వినబడినది దీని తరువాతనే. మొదట నిద్ర, ఆహారము, తరువాత వాక్యము. అలసిన శరీరము దేవునికి తెలియును. మనమే మరచిపోవుచున్నాము.

రెండవది, నిద్రలేని రాత్రులన్నియు ఒక్కటి కావు. దేవుడు మేల్కొలుపు రాత్రి ఒకటి కలదు. మన ప్రభువు పన్నెండుమంది అపొస్తలులను ఏర్పరచుకొనుటకు ముందు రాత్రియంతయు ప్రార్థించెను (లూకా 6:12). మన వేలూరునకు అట్టి రాత్రి బాగుగా తెలియును. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సహాయము చేయుమని ఐడా స్కడ్డర్ అమ్మగారిని వేడుకొనిరి. ఆమె వైద్యురాలు కాదు; వైద్యుడైన ఆమె తండ్రి పురుషుడు గనుక వారు ఆయనను ఒప్పుకొనలేదు. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ రాత్రి ఆమె జీవితమును మార్చినది. ఆమె వైద్యము చదివి, తిరిగి వచ్చి, 1900లో వేలూరులో ఆరంభించిన చిన్న వైద్యశాలయే నేటి క్రైస్తవ వైద్య కళాశాల.

అయితే ప్రతి రాత్రియు మేల్కొనుడని దేవుడు ఎవరికిని ఆజ్ఞాపించలేదు. రాత్రియంతయు ప్రార్థించిన ఆ ప్రభువే, తుపానులో దోనె అమరమున తలగడమీద తలవాల్చి నిద్రపోయెను (మార్కు 4:38). ఆయన నిద్రయు పరిశుద్ధమే. సొంత ఊరు విడిచి వచ్చిన మనకు చింతలు తక్కువ కావు. ఊరిలో ముసలి తల్లిదండ్రులు, పంచుకొనని పొలము, ఇక్కడ ఇంటి అద్దె, రాత్రి డ్యూటీలు, విదేశములలోని బిడ్డల ఫోనుకొరకు అర్ధరాత్రివరకు కనిపెట్టుట. వేకువనే లేచి, ప్రొద్దుపోయినదాక పాటుపడి, అంతయు మన చేతనే జరుగుచున్నదనుకొనువారికి 127వ కీర్తన హెచ్చరికయు ఆదరణయునై యున్నది. మనము కన్నులు మూసినను, కునుకని కాపరి యొకడు మేల్కొనియే యున్నాడు.

మూడవది, శరీరము దేవుని ఆలయము గనుక దాని సంగతి తెలిసికొని నడువవలెను. పెద్దవారికి రాత్రికి కనీసము 7 గంటల నిద్ర అవసరము. ఎప్పుడు పండుకొన్నను ఉదయము ఒకే వేళకు లేవండి. త్రాగిన కాఫీలో సగము సత్తువ సుమారు 5 గంటల తరువాత కూడ ఒంటిలో మిగిలియుండును గనుక మధ్యాహ్నము దాటిన తరువాత కాఫీ, టీ మానండి. పగటి నిద్ర అరగంట దాటనీయకండి. సెల్‌ఫోను పడకకు దూరముగా ఉంచండి. సుమారు 20 నిమిషములైనను నిద్ర రానియెడల, గడియారము చూచుచు దొర్లక, లేచి వేరొక చోట మందమైన వెలుతురులో కూర్చుండి, నిద్ర వచ్చినప్పుడే పడకకు రండి.

వారమునకు 3 రాత్రులైనను నిద్ర పట్టక 3 నెలలు గడచినయెడల అది దీర్ఘకాలపు నిద్రలేమి. దానికి మాత్రలకంటె ముందు, అలవాట్లను తలంపులను సరిదిద్దు సి.బి.టి. అను చికిత్సను వైద్యులు సిఫారసు చేయుచున్నారు. పెద్దగా గురక పెట్టుచు నడుమ ఊపిరి ఆగువారు తప్పక వైద్యునికి చూపించుకొనవలెను. ఏలీయావలె బ్రతుకు చాలునని తోచువారు ఒక్కదినమైనను ఆలస్యము చేయక ఇంటివారికిని వైద్యునికిని చెప్పండి. చాలకాలముగా మాత్రలు వాడువారు తమంతట తాము ఆకస్మికముగా మానకూడదు. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించవలెను. దూరము పోనక్కరలేదు. 1977లో క్రైస్తవ వైద్య కళాశాలవారు గ్రామముల ఆరోగ్యముకొరకు రూషాను ఆరంభించినది మన కే.వి.కుప్పం బ్లాకులోనే.

సంఘ పెద్దలకు ఒక మనవి. రాత్రి ప్రార్థనలు మనకు ఆశీర్వాదకరములే. అయినను రోగులను, బాలింతలను, తెల్లవారి షిఫ్టునకు పోవలసినవారిని రాలేదని నిందింపకుడి. నిద్ర లేదని చెప్పువారిని, "ఎన్ని దినములనుండి? వైద్యునికి చూపించితివా? మేము తోడు రావలెనా?" అని అడుగుడి. అటుపిమ్మట వారితో మోకరించుడి. మేము ఆ సహోదరియొద్దకు మరల వెళ్లి, క్షమాపణ అడిగి, వైద్యునియొద్దకు తోడుగా పోయితిమి. నేడు ఆమె ప్రతి రాత్రియు సుఖముగా నిద్రించుచున్నదని చెప్పలేము గాని, నిద్రలేని రాత్రిని ఇక పాపమని తలంచుట లేదు.

ప్రార్థించుదము. కునుకని మా కాపరీ, నేటి పని నీ చేతికి అప్పగించుచున్నాము. అలసినవారికి విశ్రాంతిని, మేల్కొనియున్నవారికి నీ తోడును, మాకు వారి భారము మోయు మనస్సును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.