తొడిగిన మాటలు, కుట్టిన మాటలు

కాలికి తొడుక్కునే వస్తువుకు తెలుగులో పేర్ల కరువు లేదు. నిఘంటువు తెరిస్తే పాదుకలు, పాదరక్షలు, పాదత్రాణాలు, ఉపానహాలు, ముచ్చెలు కనబడతాయి. సన్యాసుల కాళ్లకు కొయ్యతో చేసిన పావుకోళ్లున్నాయి. ఫారసీ మాటల వెంట వచ్చి, కొంతకాలం మనతో తిరిగి వెళ్లిపోయిన పాపోసులున్నాయి. ఊళ్లోకి వస్తే జోళ్లు, కిర్రు చెప్పులు, టైరు చెప్పులు, లబ్బరు చెప్పులు. సూర్యాపేట బజారుకు పోతే శాండిల్స్, షూస్, స్లిప్పర్లు. ఇంత సంపద ఉందని మురిసిపోవచ్చు. కానీ వీటన్నిటినీ ఒకచోట కుప్పపోసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. దాదాపు అన్నీ తొడుక్కున్నవాళ్ల వైపు నుంచి పెట్టిన పేర్లే. ఎవరి కాలికి, ఏ సందర్భానికి, ఎంత మర్యాదకు అన్నది చెప్పే పేర్లు. చెప్పును కుట్టినవాళ్ల మాటలు వేరే ఉన్నాయి: లంద, ఆరె, రంపె, అట్ట, వారు, ఉంగటం. చదువుకున్నవాళ్లలో చాలామందికి వీటిలో సగానికి అర్థం తెలియదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాన్ని, అంటే పాత నల్లగొండ జిల్లాను మనసులో పెట్టుకుని నేను అనదలచింది ఇదీ: తొడిగిన మాటలను భద్రంగా దాచుకుని, కుట్టిన మాటలను జారవిడవడాన్ని భాషలో మామూలుగా జరిగే అరుగుదలగా సరిపెట్టుకోకూడదు. పాత అన్యాయమొకటి అందులో ఇంకా సాగుతోంది.

ముందు తొడిగిన మాటల సంగతి చూద్దాం. ఒకే వస్తువు గుడి ముందు బోర్డు మీద పాదరక్షలు అవుతుంది, దుకాణం మీద ఫుట్‌వేర్ అవుతుంది, బడి నియమాల్లో షూస్ అవుతుంది, ఇంట్లో మాత్రం చెప్పులు. రాముడివైతే పాదుకలు, వాటికి పట్టాభిషేకమే జరిగింది. తిట్టవలసి వచ్చినప్పుడు మాత్రం అందరి నోటా వచ్చేది ఒక్కటే మాట. చెప్పుతో కొడతానంటారు, చెప్పు తెగుద్దంటారు. పాదుకతో కొడతానని ఎవరూ అనరు. ముల్లు నుంచి, ఎండ నుంచి, పగిలిన సీసా పెంకు నుంచి కాలిని రక్షించే పని రోజంతా చెప్పే చేస్తుంది. రక్ష అన్న గౌరవం మాత్రం సంస్కృతపు పేరుకు పోయింది. కొయ్య పావుకోళ్లకు మర్యాద ఎక్కువ, ఎందుకంటే వాటిలో తోలు లేదు. అంటే ఈ పేర్ల హెచ్చుతగ్గులు కాలి అవసరాన్ని బట్టి వచ్చినవి కావు. తోలును ముట్టుకున్న చేతులు ఎవరివన్నదే వాటి మూలం.

ఈ విషయం మీద చాలా ముందే, వేరే దారిలో ఆలోచించినవాళ్లు మన దేశంలో ఉన్నారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటి బౌద్ధారామ శిథిలాలున్నాయి. చెక్కడపు తోరణాలతో పాటు బుద్ధపాదాల శిల కూడా అక్కడ దొరికింది. అలాంటి ఆరామాల్లో ఉండే బౌద్ధ భిక్షువులు ఎలా మెలగాలో చెప్పే వినయపిటకంలో, మహావగ్గ అనే భాగంలో, తోలు మీదే ఒక అధ్యాయం ఉంది. అందులో చెప్పుల రకాలు చదువుతుంటే ఆశ్చర్యం వేస్తుంది: దూది కూరినవి, పొట్టేలు కొమ్ముల్లాంటి వార్లున్నవి, తేలు కొండిలా తీర్చినవి, నెమలి ఈకలు కుట్టినవి. ఇవన్నీ భిక్షువులకు వద్దన్నవే. కొయ్య పాదుకలనూ వద్దన్నారు. కారణం మైల కాదు. తెల్లవారుజామున కొందరు వాటితో టకటకలాడిస్తూ తిరిగితే కాళ్ల కింద పురుగులు నలిగాయి, ధ్యానంలో ఉన్నవాళ్లకు భంగం కలిగింది. తాటాకు చెప్పులను వద్దన్నది లేత తాటిమొక్కలు నరికేస్తున్నారని. ఆ అధ్యాయం సోణుడనే శ్రీమంతుల బిడ్డతో మొదలవుతుంది. సుకుమారమైన పాదాలతో అతను నడుస్తూ ధ్యానం చేస్తే బాటంతా నెత్తురయింది. బుద్ధుడు అతనికి ఒంటి అట్ట చెప్పులు తొడుక్కోవచ్చన్నాడు. సోణుడు ఒప్పుకోలేదు, సంఘమంతటికీ అనుమతి ఇస్తేనే తానూ తొడుక్కుంటానన్నాడు. అప్పుడు అందరికీ అనుమతి వచ్చింది. అదే అధ్యాయంలో అవంతి, దక్షిణాపథం వైపు నేల నల్లగా, పశువుల గిట్టలు తొక్కి తొక్కి గట్టిబడి ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు ఎక్కువ అట్టలు వేసిన చెప్పులు వాడుకోవచ్చని మరో సడలింపు ఉంది. ఈ రెండు నిర్ణయాల ముందు నేను ప్రతిసారీ ఆగిపోతాను. చెప్పు ఎవరికి అన్న ప్రశ్నకు వాళ్లు కాలిని చూసి, నేలను చూసి జవాబిచ్చారు. అయినా ఆ అట్టలు కోసి కుట్టినవాళ్ల ఊసు ఆ నియమాల్లోనూ ముందుకు రాలేదు.

నిజాం కాలపు నల్లగొండలో అదే ప్రశ్నకు పుట్టుకను చూసి జవాబిచ్చారు. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతపట్టుకుని నడవాలన్న కట్టుబాటు తెలంగాణ పల్లెల జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది. ‘నీ కాల్మొక్త, బాంచెన్’ అన్న పలకరింపు బతికిన లోకం అది. దొర తొడిగిన కిర్రు చెప్పుల చప్పుడు దొర కంటే ముందు వీధిలోకి వచ్చేది; ఆ చప్పుడు విని పక్కకు తప్పుకోవలసినవాళ్లలో ఆ చెప్పులు కుట్టినవాళ్లూ ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథంలో వెట్టి రూపాలను కులవృత్తుల వారీగా వివరించారు. తోలు ఊనబెట్టి చెప్పులు కుట్టేవాళ్లు భూస్వాములకు చెప్పులతో పాటు నీళ్లు తోడే మోటకు, కాడికి, నాగలికి కావలసిన తోలు సామానంతా ఊరికే ఇచ్చుకోవలసి వచ్చేదని, మిగతా రైతులు మాత్రం ధాన్యమో మరొకటో బదులిచ్చేవారని అందులో ఉంది. ఈ తేడా చిన్నది కాదు. రైతుకూ మాదిగకూ మధ్య ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక లెక్క ఉండేది. గడిలో లెక్కే లేదు. లెక్క లేని చోట పనికి పేరూ ఉండదు. అడిగితే ఇవ్వాల్సిన వస్తువు తయారీ ఎలా జరిగిందో తెలుసుకోవలసిన అగత్యం దొరకు ఎన్నడూ రాలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటానికి సూర్యాపేట తాలూకా పట్టుగొమ్మ. భూమి కోసం జరిగిన పోరాటంగానే దాన్ని ఎక్కువగా గుర్తుచేసుకుంటాం. వెట్టి చెయ్యం అన్న మాటలో, ఉత్తపుణ్యానికి చెప్పులు కుట్టం అన్నది కూడా ఉంది.

ఇక కుట్టిన మాటలు. చచ్చిన పశువు తోలును సున్నపు నీళ్లలో నానేస్తే వెంట్రుక వదులవుతుంది. దాన్ని గీకి, కడిగి, తంగేడు చెక్క దంచి వేసిన నీళ్లలో రోజుల తరబడి ఉంచుతారు. ఈ పని జరిగే గుంటలూ తొట్లూ ఉన్న చోటు లంద. తంగేడు చెక్కలోని వగరు తోలులోకి ఇంకి, అది కుళ్లకుండా గట్టిపరుస్తుంది. రసాయనశాస్త్రం టానిన్లు అంటున్నది ఆ వగరునే. ఎన్నాళ్లు నానాలి, నీళ్లు ఎప్పుడు మార్చాలి అన్నది తడిమి, వంచి, వాసన చూసి తేల్చుకునే విద్య. తోలు సిద్ధమయ్యాక రంపెతో కోసి అట్ట తీస్తారు, ఆరెతో బెజ్జం పొడుస్తారు, సన్నగా చీల్చిన వారుతో బిగిస్తారు. బొటనవేలు దూరే చిన్న తోలు చుట్టు పేరు ఉంగటం. చూడ్డానికి అల్పమైనదే. కానీ కాలు లేచిన ప్రతిసారీ చెప్పును వెంట లేపుకొచ్చేది అదే కాబట్టి నడకలోని లాగుడంతా దాని మీద పడుతుంది. బెజ్జం ఒక నూలువాసి ముందుకు పడితే వేలు ఒరుసుకుంటుంది, వెనక్కి పడితే మడమ అట్ట దాటిపోతుంది. కొత్త చెప్పు కరిస్తే ఆముదం పట్టించి మెత్తబరచాలి. కాలిని ఇంత దగ్గరగా చదివిన విద్య పల్లెలో ఇంకొకటి ఉందా అని నా అనుమానం. తంగేడు పువ్వు ఈనాడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో అది లేకపోతే పండగ కాదు. అదే చెట్టు చెక్క లందలో చేసిన పని గురించి మనం పిల్లలకు చెప్పం. పువ్వు పేరు చెప్పగలిగిన నోటికి చెక్క పని తెలియకుండా పోవడం యాదృచ్ఛికంగా జరగలేదు.

వస్తువు పోతే మాట పోతుంది, అందులో అన్యాయం ఏముందని అడగవచ్చు. తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు ఇది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి విస్తరించింది, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. కాలువ ఎక్కని చోట కరెంటు మోటారు పెట్టారు. మోటబావి ఆగింది, దాని తోలు తొండం కుట్టే పనీ ఆగింది. నీళ్లు నిలిచిన మడిలో తోలు చెప్పుకు ఎలాగూ పని లేదు. పాత లారీ టైర్లు కోసి చేసిన చెప్పులు వచ్చాయి, తర్వాత లబ్బరు చెప్పులు వచ్చాయి. ఆ లబ్బరు చెప్పు చేసిన మేలును నేను తక్కువ చేయను. తక్కువ ధరకు దొరికింది, నీటికి తట్టుకుంది, ఎవరి కాలికి ఉన్నా ఒకేలా ఉంది. అందరికీ ఉంటేనే నాకూ అని సోణుడు పట్టుబట్టినదాన్ని ఫ్యాక్టరీ కొంతవరకు నిజం చేసింది. అయినా వస్తువు పోతే మాట పోతుందన్న సూత్రం నిలబడదు. పావుకోళ్లు తొడుక్కునేవాళ్లు ఈరోజు ఎందరు? పాపోసులు తొడుక్కునేవాళ్లు? ఆ మాటలు మాత్రం నిఘంటువుల్లో నిక్షేపంగా ఉన్నాయి. రథాలు పోయి ఎన్ని వందల ఏళ్లయినా రథం భాగాల పేర్లు పద్యాలు చదువుకునేవాళ్లకు తెలుసు. వస్తువు పోయినా మాట నిలవాలంటే దాన్ని రాసుకునేవాళ్లు కావాలి. రాసే చెయ్యి లంద దాకా తరచుగా పోలేదు.

దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. లంద అన్న మాటతో పాటు ఆ వాసన, ఊరి చివరి బతుకు, ఎదుటివాళ్ల చీదరింపు కూడా వస్తాయి. ఆ వృత్తి నుంచి పిల్లలను తప్పించడానికి తల్లిదండ్రులు రెక్కలు ముక్కలు చేసుకున్నారు. ఇప్పుడు బయటివాళ్లు వచ్చి మీ మాటలు ఎంత అందమైనవో అంటే అది ఇంకో అవమానం. ఈ మాట అనే హక్కు అనేవాళ్లకు పూర్తిగా ఉంది. లందను అందమైనదిగా చూపడం నా ఉద్దేశం కాదు. ఆ పనిలోకి ఎవరూ పుట్టుక వల్ల తిరిగి పోకూడదు. కానీ అవమానం మాటలో ఉందా, మాటను విన్నవాళ్ల చూపులో ఉందా అన్నది విడదీసి చూడాలి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక జరిగింది ఇక్కడ ఉపయోగపడుతుంది. దాచుకొమ్మని లోకం చెప్పిన కులం పేరును వేలమంది తమ పేరు చివర బాహాటంగా చేర్చుకున్నారు. చావుకే పరిమితం అనిపించుకున్న డప్పును సభల ముందుకు తెచ్చారు. మాటను వదులుకోవడం ఒక్కటే విముక్తి కాదని, దాన్ని తలెత్తి పలకడం కూడా విముక్తేనని వాళ్లే చూపించారు. కాబట్టి ఏ మాట నిలుపుకోవాలి, ఏది వదిలేయాలి అన్న తీర్పు వాళ్లది. రాయడానికి కావలసిన కాగితం, సమయం, డబ్బు సమకూర్చడం మిగతా సమాజం పని.

ఆ పనికి దారి లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయపు మాటలను 1962లో, చేనేత మాటలను 1971లో ప్రచురించారు. ఊరూరా తిరిగి, పనిచేసేవాళ్లను అడిగి, ఏ మాట ఎక్కడ పలుకుతారో గుర్తించి రాసిన పని అది. ఫణిగిరి చుట్టుపక్కల, కోదాడ చుట్టూ, మిర్యాలగూడ ఆయకట్టు ఊళ్లలో తోలు పని తెలిసిన పెద్దవాళ్ల దగ్గరికి అదే శ్రద్ధతో పోవాలి. ఉంగటం దగ్గర తోలు చుట్టు అని ఒక్క ముక్కలో సరిపెట్టకుండా అది ఎలా కుడతారో, ఎందుకు తెగుతుందో రాయాలి. తంగేడు దగ్గర పువ్వుతో పాటు చెక్క పనిని కూడా చేర్చాలి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరూ ఊరూ పుస్తకంలో అచ్చవ్వాలి. కూర్చుని చెప్పిన ప్రతి పూటకూ కూలి ముట్టాలి, ముందే మాట్లాడుకుని, చేతికి.