సావిత్రి సత్యవంతుడికి చెప్పలేదు. మరి మనం చెప్పాలా?



సావిత్రి కథ మనందరికీ తెలుసు. యముడి వెంట నడిచి భర్త ప్రాణం వెనక్కి తెచ్చుకున్న పతివ్రత అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. కానీ మహాభారతం అరణ్యపర్వంలో ఆ కథ చదివితే, మనం పెద్దగా పట్టించుకోని ఒక విషయం కనిపిస్తుంది. సత్యవంతుడికి ఇంక ఏడాదే ఆయుష్షు అని నారదుడు చెప్పిన సంగతి సావిత్రికి తెలుసు. సత్యవంతుడికి తెలియదు. ఏడాది పాటు ఆ మాట ఆమె మనసులోనే పెట్టుకుంది.

ఆఖరి రోజు అడవిలో కట్టెలు కొడుతుంటే అతనికి మొదట వచ్చింది ఏంటో తెలుసా? భరించలేని తలనొప్పి. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు.

ఈ మధ్య నాకు ఇది పాత కథలా అనిపించట్లేదు. కొన్ని నెలలుగా నా భార్యకి కుడి చెయ్యి ఉన్నట్టుండి తిమ్మిరెక్కుతోంది. పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి. మాట్లాడుతూ మాట్లాడుతూ, బాగా తెలిసిన పదం దొరక్క ఆగిపోతుంది. మొదట చూపించిన చోట వర్క్ టెన్షన్ అన్నారు. తర్వాత తీసిన ఎంఆర్ఐలో మెదడులో ఒక మచ్చ కనిపించింది. ట్యూమర్ కావచ్చు, కాకపోవచ్చు అన్నారు.

ఆ సాయంత్రం మా పెద్దమ్మ ఫోన్ చేసి ఒకటే మాట: "అమ్మాయికి ఇప్పుడే చెప్పకురా. సావిత్రి చెప్పిందా?"

ఈరోజు మన ప్రశ్న ఇదే. ప్రేమతో దాచడం ధర్మమేనా?

పెద్దమ్మ మాటని తేలిగ్గా తీసేయలేం. మచ్చ కనిపిస్తే ట్యూమరే అని కాదు. మన దేశంలో అది టీబీ గడ్డ కావచ్చు. న్యూరోసిస్టిసర్కోసిస్ అనే ఇన్ఫెక్షన్ కావచ్చు. మాంసం ముట్టని వాళ్లకి కూడా కలుషితమైన నీళ్లు, సరిగ్గా కడగని కూరగాయల వల్ల అది వస్తుంది. ఒక్కోసారి బయాప్సీ చేస్తే తప్ప ఏంటో తేలదు. అలాంటప్పుడు, రేపు ఏమీ లేదని తేలే అవకాశం కూడా ఉన్నప్పుడు, ఇవాళ భయపెట్టడం దేనికి అన్నది పెద్దమ్మ బాధ. న్యాయమైన బాధే.

అయినా నేను చెప్పాను. ఎందుకంటే సావిత్రి పరిస్థితి వేరు. ఆమెకి తెలిసింది దేవర్షి మాట, అందులో అనుమానం లేదు. తెలిసినా సత్యవంతుడు చేయగలిగింది కూడా ఏమీ లేదు. మన దగ్గర ఉన్నది అనుమానమే, కానీ నిర్ణయాలు బోలెడు. బండి నడపాలా వద్దా, బయాప్సీకి సంతకం పెట్టాలా, ఇంకో డాక్టర్ని అడగాలా, ఆఫీసుకి సెలవు పెట్టాలా. ఇవన్నీ తన శరీరానికి సంబంధించినవి, తను తీసుకోవాల్సినవి. ప్రేమ పేరుతో అయినా వాటిని తన చేతిలోంచి లాక్కునే హక్కు నాకెక్కడిది?

చెప్పింది కూడా ఇంతే: "మచ్చ ఉంది. ఏంటో ఇంకా తెలియదు. ఏది తెలిసినా ముందు నీకే తెలుస్తుంది." తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తను దాచిన సంగతి బయటపెట్టింది. రాత్రిళ్లు కుడి చెయ్యి ఒక నిమిషం పాటు దానంతటదే కొట్టుకుంటోందట. నేను భయపడతానని చెప్పలేదట. మర్నాడు ఆ విషయం వినగానే డాక్టర్ ఫిట్స్ మందు మొదలుపెట్టారు. నేను దాచి ఉంటే తనూ దాచేది. ఒకే మంచం మీద ఇద్దరం చెరో భయంతో నిద్ర నటించేవాళ్లం.

అసలు రిపోర్టులో ఏముందో చెప్పడం కంటే ముందు, తను చెప్పేది నమ్మడం ఉంది. మా ఫీల్డులో "నా సిస్టమ్‌లో బాగానే పనిచేస్తోంది" అని టికెట్ మూసేస్తుంటారు. ఒక రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన బాధ లేనట్టు కాదు. ఇప్పుడు తిమ్మిరి వచ్చిన ప్రతిసారీ తేదీ, టైమ్ రాసుకుంటున్నాం. చెయ్యి కొట్టుకుంటే ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. ఒళ్లంతా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతిలో తాళాలు పెట్టినా ఆగవని, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని నేర్చుకున్నాను.

నిజం చెప్పడం అంటే భయపెట్టడం కాదు. "ఏమీ కాదులే" అనడం అబద్ధమే, "అయిపోయింది" అనడమూ అబద్ధమే. తెలిసినంతే చెప్పాలి. ఎంత వినాలనుందో ముందు అడగాలి. "ఆ వివరాలు నువ్వు వినేసెయ్, నాకొద్దు" అని తనంటే అది తన ఇష్టం, దాన్ని గౌరవించాలి. కానీ "ఏ జన్మ పాపమో" అనే మాట మాత్రం ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపాలి. జబ్బుతో ఉన్న మనిషికి నేరం కూడా అంటగట్టొద్దు.

సప్తపదిలో ఏడో అడుగు స్నేహానికి. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహితులైనట్టే అని సావిత్రి సాక్షాత్తూ యముడితోనే అంటుంది. ఆఖరి రోజున అత్తమామల అనుమతి అడిగి మరీ భర్త వెంట అడవికి వెళ్లింది. పెద్దమ్మకి నేను ఇదే చెప్పాను: ఆమె మౌనం కంటే ఆ వెంట వెళ్లడం నాకు ఎక్కువగా ఉపయోగపడుతోందని.

బయాప్సీ వచ్చే వారం. సాయంత్రం దీపం పెట్టి ఇద్దరం దండం పెట్టుకుంటున్నాం, పొద్దున మందులు వేళకి వేసుకుంటోంది. ఈ పోస్ట్ తను చదివి, రెండు చోట్ల నా తెలుగు దిద్ది, పెట్టేయమంది.

మీ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండాలి. శుభం.