గడపయొద్ద నిరీక్షణ

దర్శనమునకు ముందు నిరీక్షణ కలదు. ఇది అన్ని యుగములలోను భక్తునకు ఏర్పడిన నియమము. శబరి శ్రీరామచంద్రుని రాకకై పంపాతీరమున ఏండ్ల తరబడి ఎదురుచూచినది. నేటి భక్తుడు కంప్యూటరు తెరపై గుండ్రముగా తిరుగుచుండు గుర్తును చూచుచు ఎదురుచూచుచున్నాడు. సాధనము మారినది గాని ఎదురుచూచు మనస్సు మారలేదు. ఆ మనస్సును ఎట్లు నిలుపుకొనవలెనో విచారించుట గృహస్థులకు అవసరము.

భాగ్యనగరమున అమీర్‌పేటకు అనతిదూరమున బోరబండ కలదు. ఇల్లు ఇంటిని ఆనుకొని వెలసిన బస్తీలు, ఇరుకు వీధులు, స్తంభమునుండి స్తంభమునకు వ్రేలాడు తీగలు అచ్చట కానవచ్చును. అట్టి వీధిలో నివసించు ఒక గృహస్థుని దృష్టాంతముగా గ్రహింపవచ్చును. అతడు తన వృద్ధమాతకు తిరుమలేశుని దర్శనము చేయింపదలచెను. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనము టికెట్లు ఆన్‌లైనులో విడుదలయగు దినమున పెందలకడ స్నానముచేసి కంప్యూటరు ముందు కూర్చుండెను. తల్లి ప్రక్కగదిలో విష్ణుసహస్రనామ పారాయణము చేయుచుండెను. వేళ అయినది. తెరపై గుర్తు తిరుగసాగినది గాని పుట తెరచుకొనలేదు. అతడు మరల నొక్కెను, మరల మరల నొక్కెను. ఎట్టకేలకు పుట తెరచుకొనునప్పటికి టికెట్లు అయిపోయినవి.

"ఏమైనది నాయనా?" అని తల్లి అడిగినది. "నీ పారాయణము ఆపవమ్మా!" అని అతడు కసరెను. పసిపిల్ల జడిసి ఏడ్చినది. అప్పుడా తల్లి, "టికెట్టు రాకున్న రాకపోనీ నాయనా. నీ కోపము చూచి పిల్ల బెదరినది. ముందు దానిని ఎత్తుకొనుము" అని మెల్లగా పలికినది. తల్లికి స్వామిని చూపవలెనని కూర్చున్నవాడు తల్లి నోటనున్న స్వామినామమునే ఆపుమనెను గదా! టికెట్టు పోవుటకంటె ఇది పెద్ద నష్టము.

ఈ ఆలస్యము ఎచ్చట పుట్టుచున్నదో తెలిసికొన్నచో కోపము సగము తగ్గును. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనించును. ఆ లెక్కను హైదరాబాదునుండి తిరుపతికి గల దూరమును దాటుటకు ఒక సెకనులో వేయింట మూడు వంతులు చాలును. కావున ఆలస్యము దూరమువలన కలుగునది కాదు, ద్వారములయొద్ద కలుగునది. మొదటి ద్వారము ఇంటనే యున్నది: ఒక మూలనున్న వైఫై పెట్టెనుండి వచ్చు తరంగములు గోడ గోడకు క్షీణించును. రెండవది వీధిలోనిది: ఒకే మార్గమును అనేక గృహములు పంచుకొనుటచే అందఱును ఒక్కసారి వాడినప్పుడు ఒక్కొక్కరి వంతు తగ్గును. మూడవది వెబ్‌సైటు ద్వారము: నిర్ణీత క్షణమున అసంఖ్యాకముగా భక్తులు అచ్చట చేరుదురు. ఓర్వలేక మరల మరల నొక్కువాడు అదివఱకే భారముతో నున్న ఆ ద్వారముపై క్రొత్త భారమును మోపుచున్నాడు. ఒక్కొక్కప్పుడు వరుసలో తన స్థానమును తానే పోగొట్టుకొనును. తిరుమల మహాద్వారమున త్రోసికొనువాడు ఇతరులకును తనకును ఏమి చేయునో, ఇచ్చటను అదియే జరుగును.

వేగము పెరిగిన ఓర్పు పెరుగునా? మన దేశమున 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చినది. తరువాతి కాలపు డయలప్ మోడెములు సైతము సెకనుకు 56 కిలోబిట్లకు మించి అందింపలేదు. నేడు 50 మెగాబిట్ల కనెక్షను దానికి దాదాపు తొమ్మిదివందల రెట్లు. అయినను నాడు నిమిషములు ఓర్చినవారే నేడు క్షణములు ఓర్వలేకున్నారు. కావున ఓర్పు తీగలో వచ్చునది కాదు, అభ్యాసముచే వచ్చునది.

కులశేఖరాళ్వారు రాజ్యమేలిన ప్రభువు. ఆయన తిరుమలపై కోరినది ముందువరుస కాదు. స్వామి సన్నిధిలో మెట్టుగా పడియుండు భాగ్యము. నేటికిని గర్భాలయపు గడపను కులశేఖరపడి అని పిలుచుచున్నారు. అందఱును దాటిపోగోరు గడపయందే ఆయన నిలిచిపోగోరెను. స్వామిని తలచుచు నిలిచినచో ద్వారమున గడచు ఘడియయు సేవయే యగును.

భగవద్రామానుజులు రహస్యార్థము నెఱుగగోరి తిరుక్కోట్టియూర్ నంబిని పదునెనిమిది పర్యాయములు ఆశ్రయించిరని గురుపరంపర చెప్పుచున్నది. పదునేడు మారులు వెనుదిరిగినను ఆయన ఆచార్యుని నిందింపలేదు. లభించిన పిమ్మట దానిని దాచుకొనక గోపురమెక్కి అందఱకును ఉపదేశించిరి. ఓర్చుట ఒక పాఠము, లభించినదానిని పంచుట రెండవ పాఠము. ఇంట మంచి కనెక్షను గలవారు ఎదురింటి వృద్ధులకు టికెట్టు తీసియిచ్చుట, చదువుకొను పేదపిల్లలకు కొంతసేపు చోటిచ్చుట నేటి కాలమునకు తగిన కైంకర్యములు.

తొందర ఎట్టి దారుల త్రొక్కించునో కూడ ఎఱుగవలెను. త్వరగా టికెట్టు ఇప్పింతుమను దళారులను, నకిలీ వెబ్‌సైట్లను నమ్మవలదని దేవస్థానము పలుమారులు హెచ్చరించియున్నది. ఇక తీగల సంగతి. 2025 ఆగస్టున హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణ జన్మాష్టమి శోభాయాత్రయందు రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు అసువులు బాసిరి. అనంతరము విద్యుత్ సంస్థవారు స్తంభములపైని కేబుళ్ళను తొలగింపగా నగరమున అనేక గృహములలో ఇంటర్నెట్టు నిలిచినది; వివాదము హైకోర్టు వఱకు పోయినది. కనెక్షను లేక పనులు నిలిచినవారి ఇబ్బంది నిజమైనదే. కాని ఇంటికి వేగము రావలెనని వీధిలో ప్రాణములకు అపాయము తేరాదు. సక్రమమైన తీగకై కొన్నాళ్ళు ఓర్చుటయు భూతదయయే.

దృష్టాంతములోని గృహస్థుడు బిడ్డను ఎత్తుకొని తల్లి పాదములకు మ్రొక్కెను. టికెట్టు దొరకనివారికి స్వామి తలుపు మూయలేదు. సర్వదర్శనమునకు రుసుము లేదు. అతడు తల్లితో ఆ వరుసలోనే గంటల తరబడి కూర్చుండెను. ఆమె పారాయణము సాగుచుండగా ఈసారి అతడును గొంతు కలిపెను.

మొసలి పట్టిన గజేంద్రుని మొఱ వైకుంఠమునకు చేరుటకు తీగ కావలసిరాలేదు. యంత్రము ఆలసింపవచ్చును; ఆర్తుని పిలుపునకు స్వామి ఆలసింపడు. ఆ శ్రీనివాసుడు ఎల్లరకు ఓర్పును, పరుల బాధ నెఱుగు మనస్సును ప్రసాదించుగాక!