సేవకు వెళ్తూ ఎవరిని దాటిపోతున్నాం?

ఇది చాలా ఏళ్ళ క్రిందటి మాట. మా విచారణలో పునీత విన్సెంట్ డి పాల్ సభ సభ్యులం కొందరం ప్రతి గురువారం సాయంకాలం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. దిక్కులేని రోగులను పలకరించి, రొట్టె, పాలు, పళ్ళు ఇచ్చి వచ్చేవాళ్ళం. ఆ రోజుల్లోనే మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ముందు గదిలో మంచం మీద ఉండేవారు. ఒక గురువారం నేను ఆఫీసు నుండి వచ్చీ రాగానే పళ్ళ సంచి సైకిలుకు తగిలించుకొని బయలుదేరుతుంటే ఆయన, "ఎక్కడికిరా?" అని అడిగారు. చెప్పాను. కాసేపు ఊరుకొని, "నన్ను కూడా ఆ ఆసుపత్రిలోనే చేర్పించరా. వారానికి ఒక్కరోజైనా వచ్చి నా పక్కన కూర్చుంటావు" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ఆ రోజు కూడా ఆసుపత్రికి వెళ్ళాను, పళ్ళు పంచాను, ప్రార్థన చెప్పాను. కాని ఏ రోగి మంచం దగ్గర నిలబడినా మా ముందు గదిలోని మంచమే కనిపించింది.

ఉద్యోగం, సంసారం, ఆరోగ్యం, ఇష్టమైన వ్యాపకం, సంఘసేవ. ఇన్నిటికీ సమయం ఎలా సరిపెట్టుకోవాలన్నది ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న. వారానికి ఉన్నవి 168 గంటలే. ఎవరికి ఎన్ని గంటలో కాగితం మీద రాసుకొని పాటించమని కొందరు సలహా చెబుతారు. మంచిదే. కాని నా విషయంలో లోపం లెక్కలో లేదు. నిజం ఒప్పుకోవాలంటే నాన్నగారి కోసం నాకు సమయం లేకపోలేదు. ఆసుపత్రి నుండి తిరిగి వచ్చాక గుడి మెట్ల మీద కూర్చుని మిత్రులతో గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఆసుపత్రిలో నన్ను చూసి రోగులు చేతులు జోడించేవారు. విచారణ గురువులు నలుగురిలో మెచ్చుకునేవారు. ఇంట్లో తండ్రి కాళ్ళు ఒత్తితే మెచ్చుకునేవారెవరు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడిపోతున్నాను.

మార్కు సువార్త 7వ అధ్యాయం చూడండి. తల్లిదండ్రులకు చెందవలసిన సాయాన్ని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం, అని చెప్పి, ఆ వంకతో వారిని చూడటం మానుకున్నవారిని యేసు ప్రభువు గట్టిగా మందలించారు. గమనించండి, ఆ మనుషులు తాగుబోతులు కారు, జూదరులు కారు. వారు ఎత్తిచూపింది దేవునికిచ్చే కానుకనే. అయినా అది తల్లిదండ్రుల ముఖాన తలుపు వేయడానికి అడ్డుపెట్టుకున్న కానుక. నా గురువారం సేవ కూడా ఒక కొర్బానుగా మారిందని ఆ అధ్యాయం చదివినప్పుడు నాకు అర్థమైంది.

అయితే ఈ ఒక్క మాట పట్టుకొని, "మాకు మా సంసారమే దైవసేవ, సంఘం సంగతి మాకెందుకు?" అనుకునేవారూ ఉన్నారు. వారు లూకా సువార్త 14వ అధ్యాయం చదవాలి. గొప్ప విందుకు పిలుపు వచ్చినప్పుడు ఒకడు పొలం కొన్నానన్నాడు, ఒకడు ఐదు జతల ఎద్దులు కొన్నానన్నాడు, మరొకడు కొత్తగా పెళ్ళయిందన్నాడు. పొలం, ఎద్దులు, పెళ్ళి అన్నీ న్యాయమైనవే. అన్నీ వంకలే అయ్యాయి. కనుక సేవ పేరు చెప్పి ఇంటిని ఎగవేయవచ్చు, ఇంటి పేరు చెప్పి పొరుగువాణ్ణి ఎగవేయవచ్చు. వ్యాయామం పేరు చెప్పి రెంటినీ ఎగవేయవచ్చు. మన ప్రతి మంచి పనీ మరొక మంచి పని నుండి దాక్కునే చోటు కాగలదు. ఎన్ని గంటలిచ్చామన్న లెక్క కన్నా, దేని చాటున దాక్కుంటున్నామన్న ప్రశ్నే ముందు రావాలని నాకు తోస్తుంది.

ఇక దేహం సంగతి. మన భక్తులలో చాలామంది దేహాన్ని పట్టించుకోవడం స్వార్థమనుకుంటారు. వేళకు తినరు, నిద్రపోరు, బీపీ మాత్రలు మరచిపోతారు, ఆపైన దాన్ని త్యాగమంటారు. కాని రాజుల మొదటి గ్రంథంలో ఏలియా ప్రవక్త అలసిపోయి, చెట్టు కింద పడి, చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రవక్త తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండవసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఆ బలంతోనే ఆయన 40 పగళ్ళు, 40 రాత్రులు హోరేబు కొండ దాకా నడిచాడు. అసిస్సీపుర పునీత ఫ్రాన్సిసు తన దేహాన్ని 'గాడిదన్న' అని పిలిచేవారు. ఉపవాసాలతో, చలితో, ప్రయాణాలతో దాన్ని అరగదీశారు. 1226లో, సుమారు 44 ఏళ్ళకే కన్నుమూశారు. ఆ గాడిదన్నను మరీ కష్టపెట్టానని చివరి రోజుల్లో ఒప్పుకొని, దాన్ని క్షమాపణ అడిగారని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆయనంతటివారే ఒప్పుకున్నాక మనమెంత? వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం వంటి వ్యాయామం పెద్దవారికి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు 22 నిమిషాలైనా కాదు. ఆ కాస్త చేయక మంచాన పడితే, ఆ భారం మోసేది మన ఇంటివారే. కనుక నడక కూడా ఇంటివారి మీది ప్రేమలో భాగమే.

వ్యాపకాల మాటేమిటి? పొరుగువాడు ఆకలితో ఉండగా నేను చేపల గాలం పట్టుకొని చెరువు గట్టున కూర్చోవచ్చునా? తేలికగా తోసివేయవలసిన ప్రశ్న కాదిది. దీనికి ఒక కుటుంబం జీవించి చూపిన జవాబు ఉంది. ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో లూయీ మార్టిన్, జెలీ మార్టిన్ అనే దంపతులుండేవారు. మనం ప్రేమతో కొలిచే పునీత చిన్న తెరేజమ్మ తల్లిదండ్రులు వారే. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు ఆ ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. లూయీ గడియారాలు బాగుచేసే పనివాడు. జెలీ లేసు అల్లించి అమ్మే వ్యాపారం చేసేది. తొమ్మిదిమంది పిల్లలు పుడితే నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఇంత సంసారంలోనూ లూయీకి చేపలు పట్టడమంటే మహా ఇష్టం. దొరికిన చేపలను తరచు క్లారమ్మ మఠంలోని పేద కన్యలకు ఇచ్చేవాడు. కూతుళ్ళను వెంట తీసుకువెళ్ళేవాడు. ఆయన సరదా ఆయన దగ్గరే ఆగిపోలేదు. కొంత ఇంటికి వచ్చింది, కొంత పేదలకు చేరింది. మన పాటకూ, పూలమొక్కలకూ, పుస్తకాలకూ, వాలీబాల్ ఆటకూ ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు. అది ముగించుకొని ఇంటికి వచ్చినప్పుడు మనం ఇంటివారికి దగ్గరవుతున్నామా, దూరమవుతున్నామా?

ఆ దంపతుల జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించినది మరొకటి ఉంది. జెలీ లేసు వ్యాపారం పెరిగి, పని భారం ఆమెను కుంగదీసింది. ఆ బాధ ఆమె ఉత్తరాల్లో కనిపిస్తుంది. 1870లో లూయీ తన గడియారాల దుకాణాన్ని మేనల్లుడికి అమ్మివేసి, భార్య వ్యాపారంలో తోడుగా నిలిచాడు. ఆమెకు ఓపిక పట్టమని నీతులు చెప్పలేదు. తన చేతిలోని పని దించాడు.

సోదరులారా, ఈ మాట ముఖ్యంగా మగవారితో. మనలో ఎందరో విచారణ సంఘాల్లో, గానబృందాల్లో, పండుగ ఏర్పాట్లలో మొదటి వరుసలో ఉంటాం. మనం అలా ఉండగలగడానికి ఇంట్లో ఒక స్త్రీ రెండింతలు పని చేస్తోంది. పిల్లల చదువు, ముసలివారి మందులు, వచ్చేపోయేవారికి భోజనాలు ఆమె చూస్తుంటే మనకు సేవకుడన్న పేరు వస్తోంది. ఆమె చివరిసారి తన కోసం ఒక గంట ఎప్పుడు కూర్చుంది? ఎవరితోనైనా కలిసి తీరికగా నడిచింది ఎప్పుడు? ఇంట్లో ఒకరి జీవితం తూకంగా కనిపిస్తే, ఆ తూకాన్ని రెండో పక్క ఎవరు మోస్తున్నారో చూడాలి.

"నేను మానేస్తే ఈ పని ఎవరు చేస్తారు?" అంటారు మీరు. నేనూ అదే అన్నాను. మోషే కూడా ఉదయం నుండి సాయంత్రం దాకా ఒక్కడే ప్రజలకు తీర్పు చెబుతుంటే మామ యిత్రో వచ్చి, ఇలా అయితే నువ్వూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారని హెచ్చరించాడు. వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను నియమించమన్నాడు. 12వ శతాబ్దంలో పునీత బెర్నార్డు తన పూర్వ శిష్యుడైన మూడవ యూజీన్ పోపుగారికి ఇలాంటి హితవే రాశారు. అందరూ మీ బావి నీళ్ళు తాగుతున్నారు, మీరు కూడా అందులో తాగండి అన్నది ఆయన భావం. ఎడతెగని పనులు మనసును రాయి చేస్తాయని ఆయన భయం. పోపుగారికే ఆ హెచ్చరిక అవసరమైతే విచారణ సంఘం కార్యదర్శికి అక్కరలేదా?

అయితే తూకం అంటే ప్రతిరోజూ అన్నిటికీ సమానంగా పంచడం కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సాయానికి పరుగెత్తిన వారెవరూ గంటలు లెక్కపెట్టుకోలేదు, లెక్కపెట్టుకోకూడదు కూడా. ఇంట్లో పసిబిడ్డ పుట్టినా, కన్నతల్లి చివరి రోజుల్లో ఉన్నా మిగిలినవన్నీ ఆగవలసిందే. ప్రమాదం ఎక్కడంటే, ఉప్పెన తీసిపోయాక కూడా అదే పరుగు అలవాటైపోవడం. జనం వస్తూ పోతూ ఉండటం వల్ల శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక దొరకనప్పుడు, ఏకాంత స్థలానికి వచ్చి కాస్త విశ్రాంతి తీసుకోమని పిలిచినది ప్రభువే. అక్కడ కూడా జనం ముందుగానే చేరుకుంటే కనికరించి బోధించినదీ ఆయనే. ఆయన విశ్రాంతిని గౌరవించారు, దాన్ని వంక చేసుకోలేదు.

కనుక నేను మీకు కాలపట్టిక ఇవ్వను. రాత్రి జపమాల తరువాత చేసుకునే ఆత్మపరిశోధనలో మూడు ప్రశ్నలు చేర్చుకోమని మాత్రం కోరుతున్నాను. ఈ రోజు ఏ మంచి పనిని అడ్డుపెట్టుకొని ఎవరిని దాటిపోయాను? నా తీరిక కోసం ఎవరు తమ తీరికను పోగొట్టుకున్నారు? నేను దించవలసిన పని ఏది, దాన్ని అందుకోగలవారెవరు? జవాబులు వెంటనే దొరకకపోవచ్చు. ఇంట్లో అడిగితే మాత్రం త్వరగా దొరుకుతాయి.

ఇంతకూ నా సంగతి. సంఘం మానలేదు. వారం విడిచి వారం వెళ్ళడం మొదలుపెట్టాను. నేను వెళ్ళని గురువారాల్లో ఒక కుర్రవాడు నా సంచి తీసుకువెళ్ళాడు. రెండేళ్ళుగా వెనక వరుసలో కూర్చుని ఎవరూ పిలవక ఊరుకున్నవాడు. రోగులతో మాట్లాడటం నాకన్నా అతనికే బాగా వచ్చునని నెలలోపే తెలిసింది. అంతకాలం నేను లేకపోతే జరగదనుకున్నది నిజానికి నేనుండబట్టి అతనికి దక్కలేదు.

మిగిలిన గురువారాల్లో నాన్నగారి పక్కన కూర్చుని గోళ్ళు తీసేవాణ్ణి, పేపరు చదివి వినిపించేవాణ్ణి. మొదటి వారం ఆయన ఏమీ అనలేదు. రెండోసారి కూర్చున్నప్పుడు, "ఈ వారం కూడా సెలవేనా?" అని అడిగారు. "కాదు నాన్నా, ఈ వారం నా డ్యూటీ ఇక్కడే" అన్నాను. ఆయన నవ్వి, ఎడమ చెయ్యి నా చేతిలో పెట్టారు. ఆ తరువాత ఆయన బ్రతికింది పదకొండు నెలలే. వాటిలో నాకు దక్కిన గురువారాలు ఇరవై పైచిలుకు. ఆ కొద్దిపాటి సాయంకాలాలకే ఈనాటికీ దేవునికి వందనాలు చెప్పుకుంటున్నాను.

మీ ఇంట్లో ఆ మంచం ఏ గదిలో ఉందో, ప్రియ పాఠకులారా, ఈ రాత్రి ఒకసారి చూసుకోండి.